గుర్రం మీద ఉన్నది ఎవరు?

మన ఊళ్లలో పాత గుడి పక్కన ఒక రాతి బండ నిలబెట్టి ఉంటుంది. కొన్నిచోట్ల చెరువు కట్ట మీద ఉంటుంది. కొన్నిచోట్ల పొలం గట్టున ఉంటుంది. ఆ రాతి మీద మనిషి బొమ్మ చెక్కి ఉంటుంది. చేతిలో కత్తి ఉంటుంది. ఒక్కోసారి గుర్రం కూడా ఉంటుంది. కొందరు దానికి పసుపు, కుంకుమ పెడతారు. కొందరు దాని మీద గడ్డి మోపు దించి కాసేపు అలుపు తీర్చుకుంటారు.

"ఆ బొమ్మ ఎవరిది?" అని అడగండి. "ఎవరో రాజుది" అంటారు. "ఏ రాజు?" అని అడగండి. "ఏమోనమ్మా, మా తాతల నాటి నుంచి ఉంది" అంటారు.

ఇలాంటి రాళ్లను వీరగల్లులు అంటారు. గల్లు అంటే కల్లు, రాయి. యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా వాటిని నిలబెట్టేవారు. చాలా రాళ్ల మీద పైభాగాన సూర్యుడు, చంద్రుడు ఉంటారు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ మనిషి పేరు ఉండాలని దాని అర్థం. పేరు ఉండాలనే రాయి పెట్టారు. రాయి మిగిలింది. చాలాచోట్ల పేరే పోయింది.

బొమ్మలో కొన్ని గుర్తులు ఉంటాయి. అక్షరాలు నేర్చుకున్నట్టే వాటినీ నేర్చుకోవచ్చు. కత్తి ఉంటే యుద్ధం చేసిన మనిషి. గుర్రం ఉంటే పెద్ద హోదా ఉన్న మనిషి. గుర్రం అంటే ఆ రోజుల్లో మాటలు కాదు. మేలు జాతి గుర్రాలు అరబ్బు దేశాల నుంచి ఓడల మీద రావాలి. తల మీద గొడుగు ఉంటే ఇక సందేహం లేదు, రాజే. ఇది మనం వానకు పట్టుకునే గొడుగు కాదు. అంచున ముత్యాలు వేలాడే తెల్ల గొడుగు. రాజు ఎక్కడికి పోయినా పక్కన ఒకరు దాన్ని పట్టుకుని నడుస్తారు.

వరంగల్ పట్నం దగ్గర బొల్లికుంట అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో రెండు పాత రాతి బొమ్మలు ఉన్నాయి. మొదటి రాతి మీద గుర్రం ఉంది. గుర్రం మీద మనిషి ఉంది. కుడి చేతిలో కత్తి ఎత్తి పట్టి ఉంది. ఎడమ చేతిలో గుర్రం కళ్లెం ఉంది. కాలు రికాబులో ఉంది. రికాబు అంటే గుర్రం మీద కూచున్నవాళ్లు పాదం ఆనించే కొక్కెం. తల మీద గొడుగు ఉంది. మూడు గుర్తులూ ఉన్నాయి. మనం ఏమనుకోవాలి? రాజు అనే గదా!

కానీ తల వెనక పెద్ద కొప్పు ఉంది. ఒళ్లు చూస్తే ఆడమనిషి ఒళ్లు. గుర్రం మీద ఉన్నది ఆడమనిషి. ఈ గుర్తులను బట్టి ఆమె కాకతీయ రుద్రమదేవి అని 2017లో పురావస్తు శాఖ వారు చెప్పారు. పురావస్తు శాఖ అంటే పాత కట్టడాలను, పాత రాళ్లను చూసుకునే సర్కారు శాఖ.

రెండో రాయి చూస్తే మనసు కలుక్కుమంటుంది. అందులోనూ ఆమే ఉంది. కత్తి చేతిలోనే ఉంది. కానీ ఒళ్లు ఎడమ పక్కకు వాలిపోయింది. అలసిపోయినట్టు కూచుంది. తల మీద గొడుగు లేదు. పక్కన ఒక దున్నపోతు ఉంది. అది దక్షిణం వైపు పోతున్నట్టు చెక్కారు. దున్నపోతు ఎవరి వాహనమో మీకు తెలుసు. దక్షిణం ఎవరి దిక్కో కూడా తెలుసు. ఆ చెక్కినాయన ఒక్క అక్షరం లేకుండా చావు కబురు చెప్పాడు.

ఓరుగల్లు ఎక్కడ, మన మార్కాపురం ఎక్కడ అనుకుంటున్నారా? ఆమెను ఎదిరించినవాడు తన గెలుపులన్నీ రాతి మీద చెక్కించుకున్నాడు. ఆ రాయి మన త్రిపురాంతకంలో ఉంది. ఆ సంగతికి వద్దాం. ముందు ఆమె ఎవరో చూద్దాం.

ఓరుగల్లు అంటే ఇప్పటి వరంగల్. అక్కడి నుంచి కాకతీయులు తెలుగు దేశాన్ని ఏలారు. వారిలో గణపతిదేవుడు 1199 నుంచి 60 ఏళ్లకు పైగా రాజ్యం చేశాడు. ఆయనకు కొడుకులు లేరు. ఆడపిల్లలే. "అయ్యో, అంత రాజ్యం పెట్టుకుని మగబిడ్డ లేడే" అని ఎంతమంది అని ఉంటారో! ఆ మాట మనకు కొత్తదా?

ఆయన ఒక పని చేశాడు. కూతురు రుద్రమను రాజ్యం చేయడానికి తయారు చేశాడు. తాను ముసలివాడయ్యాక ఆమెను పక్కన కూచోబెట్టుకుని పాలించాడు. 1262 నుంచి ఆమె ఒక్కతే ఏలింది. అలా 27 ఏళ్లు ఏలింది. నిడదవోలు చాళుక్య రాజు వీరభద్రుడు ఆమె భర్త. కానీ రాజ్యం వీరభద్రుడిది కాదు. రుద్రమది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆమె కాలంలో చెక్కిన శాసనాలు చాలా దొరికాయి. శాసనం అంటే రాతి మీదో, రాగి రేకు మీదో చెక్కిన రాత. ఫలానా ఏడాది, ఫలానా వారు, ఫలానా గుడికి ఇంత భూమి ఇచ్చారు అని అందులో ఉంటుంది. ఇప్పుడు మనకు పట్టాదారు పాసుపుస్తకం ఎలాగో అప్పుడు శాసనం అలాగ. ఆ శాసనాలు కొన్నింటిలో రుద్రమదేవి అని లేదు. "రుద్రదేవ మహారాజు" అని ఉంది!

ఆడమనిషిని మహారాజు అని ఎందుకు రాశారు? ఆ రోజుల్లో సింహాసనం మీద మగవాడే కూచోవాలని జనం నమ్మకం. సామంతులు అని ఉండేవారు. సామంతులు అంటే పెద్ద రాజు కింద ఉండే చిన్న రాజులు. ఆడదాని ముందు తల వంచడం వారికి చిన్నతనం. అందుకని పేరు మార్చారు. మగవాడి వేషంలోనే సభలో కూచునేదని కథలు చెబుతారు. కథల సంగతి ఎలా ఉన్నా పేరు మార్పు మాత్రం రాతి మీదే ఉంది.

నాకు ఇది చదివినప్పుడల్లా ఒకటి గుర్తుకొస్తుంది. మన దగ్గర పొలం పనిలో సగానికి పైగా ఆడవాళ్లదే. నాట్లు మనవి, కలుపు మనవి, మిరపకాయల కోత మనది. కాగితం మీద "రైతు" అనే చోట మాత్రం మగవాళ్ల పేరే ఎక్కువ. రుద్రమ రాజ్యం చేసింది. కాగితంలో మాత్రం మగ పేరు పడింది.

ఆమె ఏలుబడి సుఖంగా ఏమీ సాగలేదు. దేవగిరి రాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. దేవగిరి ఇప్పటి మహారాష్ట్రలో ఉంది. ఆడది గదా, ఏం చేస్తుందిలే అనుకుని ఉంటాడు. ఆమె అతన్ని వెనక్కు తరిమింది.

యుద్ధాల కంటే నాకు ఇంకో సంగతి గొప్పగా కనిపిస్తుంది. గుంటూరు జిల్లా మల్కాపురంలో ఒక పెద్ద శాసనం ఉంది. అది 1261 నాటిది. గణపతిదేవుడు, రుద్రమ కలిసి పాలిస్తున్న రోజులు అవి. కృష్ణ ఒడ్డున మందడం ఊరినీ, వెలగపూడి ఊరినీ ఒక శైవ గురువుకు ఇచ్చినట్టు అందులో ఉంది. ఆ ఊళ్ల రాబడితో ఏమేమి నడపాలో కూడా రాశారు. గుడి, చదువు చెప్పే చోటు, అన్నం పెట్టే సత్రం. వాటితో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ప్రసూతిశాల అంటే కాన్పుల ఆసుపత్రి! 760 ఏళ్ల కిందట, కాన్పుల కోసం విడిగా ఒక చోటు ఉండాలని రాతి మీద రాయించారు. మొన్నమొన్నటి దాకా నల్లమల పక్క ఊళ్లలో కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకుని రోడ్డుకు తెచ్చేవారు. ఆ వెలగపూడిలోనే 2016 నుంచి మన రాష్ట్ర సచివాలయం నడుస్తున్నది.

ఆమె పేరు సముద్రం దాటి కూడా పోయింది. ఇటలీ దేశం నుంచి మార్కో పోలో అనే బాటసారి వచ్చాడు. మోటుపల్లి రేవు గురించి రాశాడు. మోటుపల్లి చీరాలకు అవతల సముద్రం ఒడ్డున ఉంది. ఆ దేశాన్ని ఒక రాణి ఏలిందనీ, ఆమె న్యాయం తప్పని మనిషనీ, జనానికి ఆమె అంటే ఎంతో ఇష్టమనీ రాశాడు. అక్కడి బట్ట సాలెగూడు అంత సన్నగా ఉంటుందనీ రాశాడు. కానీ ఒక తప్పు రాశాడు. భర్త చనిపోతే ఆ రాజ్యం ఆమెకు వచ్చిందని రాశాడు. రాజ్యం తండ్రి నుంచి వచ్చిందని అతనికి తోచి ఉండదు. ఆడమనిషికి ఏదైనా మొగుడి నుంచే రావాలని అతని దేశంలోనూ అనుకునేవారేమో!

ఇక త్రిపురాంతకం సంగతి.

మీలో చాలామంది శివరాత్రికి అక్కడికి పోయి ఉంటారు. కొండ మీద త్రిపురాంతకేశ్వర స్వామి. కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. శ్రీశైలానికి అది తూర్పు వాకిలి అంటారు. ఆ గుడిలో పాత శాసనాలు ఎన్నో ఉన్నాయి. దండం పెట్టుకుని ప్రసాదం తీసుకుని వచ్చేస్తాం. వాటి వైపు చూడం. చూసినా ఏవో గీతలు అనుకుంటాం.

ఆ రోజుల్లో ఈ ప్రాంతం కాయస్థ నాయకుల చేతిలో ఉండేది. వారి ముఖ్య పట్టణం కడప దగ్గర వల్లూరు. వారు కాకతీయుల కింద సామంతులు. వారిలో మొదటివాడు గంగయ సాహిణి. సాహిణి అంటే గుర్రపు దళానికి నాయకుడు. అతను గణపతిదేవుడికి నమ్మకంగా పని చేశాడు. ఆ వంశంలోనే తరవాత అంబదేవుడు వచ్చాడు. 1272 ప్రాంతంలో అధికారం అతని చేతికి వచ్చింది. అతను రుద్రమ మాట వినడం మానేశాడు. చుట్టుపక్కల నాయకులను ఒక్కొక్కరినే కొట్టుకుంటూ వచ్చాడు. ఆమె శత్రువులతో చెలిమి చేశాడు. చివరికి ఆమె మీదే కత్తి ఎత్తాడు.

1290లో అంబదేవుడు త్రిపురాంతకంలో శాసనం వేయించాడు. తన గెలుపులన్నీ అందులో వరసగా చెక్కించాడు. గురిజాల శ్రీపతి గణపతిని ఓడించానన్నాడు. 75 మంది నాయకులను యుద్ధంలో గెలిచానన్నాడు. చదువుతుంటే మీసం మెలేస్తున్నట్టే ఉంటుంది. రాతి మీద రాసిందంతా నిజమని అనుకోకూడదు. రాయించినవాడు తన సంగతి గొప్పగానే రాయించుకుంటాడు. ఎన్నికలప్పుడు గోడల మీద రాతలు మనం చూడలేదా?

మరి రుద్రమ ఏమైంది?

చాలా కాలం వరకు ఎవరికీ సరిగా తెలియదు. ఆమె 1295 ప్రాంతం వరకు ఏలిందని పుస్తకాల్లో రాశారు. పిల్లలు బడుల్లో అదే చదివారు. తరవాత నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో ఒక రాయి దొరికింది. దాని మీద తెలుగులో చెక్కిన శాసనం ఉంది. పండితులు దాన్ని చదివారు. చదివేసరికి పుస్తకాల్లో లెక్క తప్పిపోయింది.

ఆ రాయి ఏం చెప్పిందంటే, కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారు. వారికి పుణ్యం కలగాలని సోమనాథ దేవుడికి భూమి ఇచ్చారు. శాసనంలో ఉన్న తిథి మార్గశిర శుద్ధ ద్వాదశి. మన లెక్కలో అది 1289 నవంబరు 27. మల్లికార్జున నాయకుడు ఆమె సేనాపతి. రాణి, సేనాపతి ఒకేసారి చనిపోయారంటే అది యుద్ధంలోనే జరిగి ఉండాలి. అప్పుడు ఆమెతో పోరాడుతున్నవాడు అంబదేవుడు. అందుకే ఆమె అంబదేవుడి మీదికి పోయి యుద్ధంలో చనిపోయిందని చరిత్ర రాసేవారు అనుకుంటున్నారు. అప్పటికి ఆమె మనవడు రాజ్యం చేసే ఈడుకు వచ్చాడు. మనవడంత పిల్లాడు ఉన్న అవ్వ గుర్రం ఎక్కి యుద్ధానికి పోయింది. బొల్లికుంటలో ఎడమకు వాలిపోయిన ఆ బొమ్మను ఇప్పుడు మళ్లీ తలుచుకోండి.

ఆ చందుపట్ల రాయి వేయించింది ఎవరు? రాజు కాదు. మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు. బంటు అంటే సేవకుడు, కొలువులో ఉండే మనిషి. అంబదేవుడు తన గొప్ప చెప్పుకోవడానికి రాయి వేయించాడు. ముమ్మడి తన ఏలికలకు పుణ్యం రావాలని రాయి వేయించాడు. ఆమె ఏనాడు పోయిందో లోకానికి చెప్పింది ఈ చిన్నవాడి రాయే. దాని మీద ఉన్న పేరు కూడా చూడండి. రుద్రమదేవి. తల్లిదండ్రులు పెట్టిన ఆడ పేరు.

ఇంకొక మాట చెప్పాలి. ఆడవాళ్ల గుర్తుగా పెట్టిన పాత రాళ్లు మన దేశంలో తక్కువేమీ లేవు. కానీ వాటిలో చాలా రాళ్ల మీద మోచేతి దాకా గాజులు వేసుకున్న చెయ్యి ఒకటే ఉంటుంది. లేదా భార్యాభర్తలు పక్కపక్కన దండం పెడుతూ ఉంటారు. అవి సతి రాళ్లు. భర్త చనిపోతే అతని చితిలో కాలిపోయిన ఆడవాళ్లవి. వారినే మన వైపు పేరంటాలు అని కొలుస్తారు. వారి పేరు చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఫలానా ఇంటి పేరంటాలు అంటారు, అంతే. మొగుడితో కాలిపోతే ఆడదానికి రాయి పెట్టేవారు. తన పనికి, తన తెగువకు రాయి పెట్టడం చాలా అరుదు. అందుకే ఆ కత్తి పట్టిన బొమ్మ అంత విలువైనది.

రుద్రమకు గణపాంబ అనే అక్కచెల్లెలు ఉంది. ఆమెను ధరణికోట ఏలే కోట బేతరాజుకు ఇచ్చారు. భర్త చనిపోయాడు. గణపాంబ చితి ఎక్కలేదు. ఆయన పేరున గుడి కట్టించింది. ఆ రాజ్యాన్ని తానే ఏలింది. ఈ సంగతి యనమదల శాసనంలో ఉంది. అంటే ఆ ఒక్క ఇంట్లోనే ఇద్దరు ఆడవాళ్లు రాజ్యాలు ఏలారు.

రుద్రమ తరవాత ఆమె పెద్ద కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు. ఆ మనవడు ఊరుకోలేదు. అంబదేవుడి శాసనం పడిన మరుసటి ఏడాదికే, అంటే 1291 నాటికే, త్రిపురాంతకం మళ్లీ కాకతీయుల చేతికి వచ్చింది. అంబదేవుడు కడప వైపు జరిగిపోయాడు. ఓడినవాడి రాయి, గెలిచినవాడి రాయి అదే గుడిలో ఉన్నాయి.

ఈసారి త్రిపురాంతకం పోతే ఆ రాళ్ల ముందు కాసేపు నిలబడండి. చదవడం రాలేదని బాధపడవద్దు. పట్నంలో పెద్ద చదువులు చదివినవారికీ అవి రావు. 700 ఏళ్లలో మన అక్షరాల రూపు మారింది. అయినా నిదానంగా చూస్తే ఒకటో రెండో అక్షరాలు పోల్చుకోవచ్చు. గుండ్రంగా తిరిగే గీతలు మన తెలుగు అక్షరాల గీతల్లాగే ఉంటాయి.

మార్కాపురం పలక రాయి మీకు తెలుసు. పొరలు పొరలుగా ఊడి వస్తుంది. దాని మీద బలపంతో రాస్తే తడిగుడ్డతో తుడిచేయవచ్చు. శాసనం రాయి అలాంటిది కాదు. ఒక్కో అక్షరం ఉలి పెట్టి సుత్తితో కొట్టి చెక్కాలి. తప్పు పడితే తుడవడానికి లేదు. కానీ దానికీ చేటు ఉంది. గుడికి సున్నం వేసేటప్పుడు శాసనాల మీద కూడా సున్నం కొడతారు. కొన్నిచోట్ల రంగులు పూస్తారు. అప్పుడు అక్షరాల గాట్లు పూడిపోతాయి. విరిగిన బొమ్మరాళ్లను చెరువు మెట్లకు వాడతారు. వాటి మీద బట్టలు ఉతుకుతారు. ఇంకొందరు నిధులు ఉన్నాయని రాత్రిపూట వచ్చి తవ్వి రాళ్లు పగలగొట్టి పోతారు. వీరగల్లు కింద బంగారం ఉండదు. ఉండేది చనిపోయిన మనిషి గుర్తు ఒక్కటే.

మీ ఊళ్లో అలాంటి రాయి ఉంటే ముందు తడిగుడ్డతో మట్టి తుడవండి. ఇనుప బ్రష్షు పెట్టి రుద్దవద్దు. పొద్దున గానీ సాయంత్రం గానీ చూడండి. ఎండ పక్క నుంచి పడుతుంది కాబట్టి గీతలు బాగా కనిపిస్తాయి. గుర్రం ఉందా, కత్తి ఉందా, గొడుగు ఉందా, గాజుల చెయ్యి ఉందా చూడండి. కొప్పు ఉందేమో కూడా చూడండి. అక్షరాలు ఉంటే ఆ సంగతి బడిలో మాస్టరుకు చెప్పండి. గ్రామ సచివాలయంలో చెప్పండి. పురావస్తు శాఖ వారికి చిన్న కార్డు ముక్క రాసినా చాలు. ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసి, కింద మీ పేరు రాయండి.